వృత్తి: గృహిణి

ఆసుపత్రి కేసు షీటులో పేరు, వయసు, ఊరు తర్వాత 'వృత్తి' అని ఒక గడి వుంటుంది. స్త్రీల కాగితాల్లో ఈ గడి చాలాసార్లు ఖాళీగానే వుండిపోతుంది. నింపినచోట సాధారణంగా కనిపించే మాట 'గృహిణి'. ఆమెను అడిగి రాసేవాళ్ళు తక్కువ. మెడలో పుస్తె, పక్కన భర్తో కొడుకో కనిపిస్తే చాలు, ఆ మాట దానంతటదే పడిపోతుంది. ఈసారి సంపాదకీయంలో ఈ ఒక్క మాట గురించే రాయదలచుకున్నాను. రోగుల ఆరోగ్యం మీద సామాజిక, ఆర్థిక పరిస్థితుల ప్రభావాన్ని పరిశోధించాలనుకునే వాళ్ళెవరైనా ముందుగా తేల్చుకోవాల్సిన విషయం ఈ గడిలోనే వుందని నా అభిప్రాయం.

పేదరికం రోగాన్ని పెంచుతుందన్నది ఇప్పుడు కొత్తగా నిరూపించాల్సిన సంగతి కాదు. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరాలకు కారణాలు తెలుసుకు రమ్మని ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే యువ వైద్యుణ్ణి పంపితే, ఆయన మందులతో ఆగలేదు. చదువు, మెరుగైన కూలి, ప్రజాస్వామ్యం కావాలని రాసిచ్చాడు. మన దేశంలో భోర్ కమిటీ 1946లోనే ఆరోగ్యాన్ని తిండితో, ఇంటితో, పనితో ముడిపెట్టి మాట్లాడింది. ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక కారణాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మైఖేల్ మార్మాట్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. 2008లో అది నివేదిక ఇచ్చింది. వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాల్లోనూ ఇదంతా వుంది. సూత్రంగా ఎవరూ కాదనరు. కానీ పుస్తకంలో వున్న ఈ సూత్రం డాక్టరు బల్ల మీది కాగితం దాకా వచ్చేసరికి మాయమవుతోంది. స్త్రీల విషయంలో అది మాయమయ్యే చోటు ఆ 'వృత్తి' గడే.

నిజామాబాద్ జిల్లా ముప్కాల్‌ను తీసుకుందాం. 2016 దాకా ఇది బాల్కొండ మండలంలో ఒక ఊరు. జిల్లాల పునర్విభజనతో మండల కేంద్రమైంది. పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి, కాస్త దూరంలో శ్రీరాంసాగర్ ప్రాజెక్టు. పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న పండే నేల. దారినపోయే వాళ్ళ కళ్ళకు ఇది కలిగిన ప్రాంతంలాగే కనిపిస్తుంది. ఈ ఊళ్ళ మగవాళ్ళు దుబాయి, మస్కట్, సౌదీలకు బతకపోవడం మొదలై దశాబ్దాలైంది. ఇక్కడి ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. నిజామాబాద్ నుంచి కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, సిద్దిపేట దాకా ఇదే కథ. పెళ్ళిచూపుల్లో "పిల్లకు బీడీలు వచ్చునా" అని అడగడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన ముచ్చటే. అంటే సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు ఆమె శ్రామికురాలని అత్తింటి వాళ్ళకు బాగా గుర్తుంటుంది. ఆసుపత్రికి వచ్చేసరికి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆమెకు కూడా గుర్తుండదు. "ఏం పని చేస్తవు?" అని అడిగితే, "ఏం లేదక్కా, ఇంట్లనే ఉంట" అన్న జవాబే నేను ఎక్కువగా విన్నాను. అదే మనిషిని "పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం చేశావో చెప్పు" అని అడిగితే ఇంకో కథ వస్తుంది. తెల్లవారుజామున లేవడం, వాకిలి, నీళ్ళు, వంట, పిల్లల బడి. మధ్యలో, నానబెట్టి తడిబట్టలో చుట్టి వుంచిన తునికాకును కొలతకు కత్తిరించుకోవడం. ఆ తర్వాత చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. వెయ్యి బీడీలంటే వెయ్యి ముక్కలు కత్తిరించడం, వెయ్యిసార్లు తంబాకు పోసి చుట్టడం, వెయ్యిసార్లు కొస మడవడం, వెయ్యిసార్లు దారం కట్టడం. 25 బీడీలకో కట్ట చొప్పున 40 కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోతే, అక్కడ బాగాలేవని కొన్ని తీసేస్తారు. తీసేసినవాటికి కూలి లేదు. ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొని లెక్క సరిచేయాలి. తిరిగి వచ్చాక రాత్రి వంట, రేపటికి ఆకు నానబెట్టడం. నెలలో కంపెనీ పని ఇచ్చేది కొన్నిసార్లు పది పదిహేను రోజులే. మిగతా రోజుల్లో పసుపు తవ్వకమో, కలుపో, ఉపాధి హామీ పనో వుంటుంది. భర్త గల్ఫులో వుంటే పొలం పనులు చూసుకోవడం, అప్పులవాళ్ళకు జవాబు చెప్పడం, అత్తమామల మందులు కూడా ఆమె మీదే.

2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, కూలి లేని ఇంటిపని చేసినవాళ్ళలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. బీడీలు చేసే స్త్రీ ఈ అయిదు గంటల మీద ఇంకో పూర్తి పనిదినాన్ని మోస్తోంది. పని జరిగే చోటు కూడా అదే ఇల్లు కాబట్టి లెక్కలు తీసేవాళ్ళకు రెండూ కలిసిపోయి కనబడతాయి. మన జాతీయ నమూనా సర్వేల్లో ఇంటిపనులు మాత్రమే చేసేవారికి 92 అనీ, ఇంటిపనులతో పాటు ఇంటికోసం కట్టెలు, నీళ్ళు తెచ్చుకోవడం, కుట్లు అల్లికలు చేసేవారికి 93 అనీ సంకేతాలున్నాయి. ఈ సంకేతాల్లో పడినవాళ్ళు శ్రామికుల లెక్కలోకి రారు. బీడీల పని కూలిపనే, ఈ సంకేతాల్లోకి రావాల్సింది కాదు. కానీ సర్వేకు వచ్చినవాళ్ళు "ఇంట్లనే ఉంట" అన్న జవాబుతో సరిపెట్టుకుంటే ఆమె వెళ్ళి పడేది అక్కడే. కేసు షీటులో 'గృహిణి' అని రాసే చేయి కూడా ఇదే అలవాటుతో కదులుతోంది.

ఇక ఆ పని శరీరానికి ఏం చేస్తుందో చూద్దాం. గంటల తరబడి మెడ వంచి, నడుము వంచి ఒకే భంగిమలో కూర్చోవడం వల్ల మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు నొప్పి పుడతాయి. తంబాకు దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోయి దగ్గు, ఆయాసం వస్తాయి. చేతుల చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి దిగుతుంది. పొగాకు అలవాటే లేని బీడీ కార్మికుల మూత్రంలో నికోటిన్ అవశేషాలు వున్నాయని ముంబయి కాన్సర్ పరిశోధకులు చాలా కాలం కిందటే చూపారు. నికోటిన్ ఆకలిని చంపుతుంది. ఆకలి లేనమ్మ ఎలాగూ అందరికన్నా చివర తింటుంది. మాటిమాటికి లేస్తే లెక్క తప్పుతుందనీ, మరుగుదొడ్డి వసతి లేదనీ నీళ్ళు తాగడం తగ్గిస్తుంది. దానివల్ల మూత్రంలో మంట. తంబాకు సంచి వుండే గదిలోనే వంట, అక్కడే పిల్లల పడక. తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత వున్నట్టు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దీన్ని విడిగా చదివితే ఐరన్ మాత్రల సమస్యగా కనిపిస్తుంది. ఆమె రోజును పక్కన పెట్టుకుని చదివితే మాత్రలతో మొదలుపెట్టి ఎంత దూరం పోవాలో అర్థమవుతుంది.

నడుమునొప్పిని 'ఆడవాళ్ళకు మామూలే' అని కొట్టిపారేయకుండా దాన్ని వాళ్ళ పనితో, తిండితో, ఎముకల బలంతో కలిపి చూసే పరిశోధన మన హైదరాబాదులోనే జరిగింది. జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఆ పని చేశారు. అంతకన్నా ముందు, మనకు పొరుగునే వున్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో ప్రచురించిన అధ్యయనం 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి వుందని తేల్చింది. వాళ్ళలో అంతకుముందు ఆ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతమే. ఆసుపత్రికి వచ్చినవాళ్ళను లెక్కపెట్టి ఊరి ఆరోగ్యాన్ని చెప్పలేమని ఆ ఒక్క అధ్యయనం నేర్పింది.

ముప్కాల్‌లో ఒకామె తన ఆసుపత్రి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో దాచుకుంది. ఆమె పేరు గాని, ఆనవాళ్ళు గాని రాయను. చిన్నప్పుడే తల్లి పక్కన కూర్చుని బీడీలు నేర్చుకుంది. ముప్పై దాటిన కొద్ది ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట, నడుమునొప్పి అని మొదట ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరకు, తర్వాత పట్నంలో ప్రైవేటు ఆసుపత్రికి పోయింది. స్కానింగ్ తీసి, తీయించుకోకపోతే ముందు ముందు క్యాన్సర్ అవుతుందన్నారు. సంఘంలో లోను తీసి ఆపరేషన్ చేయించుకుంది. మూడు నెలలు విశ్రాంతి అని కాగితం మీద రాశారు. పని మానితే కార్డు పోతుందన్న భయంతో మూడో వారానికే చాట ఒళ్ళోకి తీసుకుంది. నడుమునొప్పి పోలేదు. ఇప్పుడు ఇంకో డాక్టరు కాల్షియం మాత్రలు రాస్తున్నారు. నాలుగు చోట్ల కాగితాలు నేను తిరగేశాను. రక్తం గ్రూపు వుంది, బరువు వుంది, ఎంతమంది పిల్లలో వుంది. బీడీ అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

బీడీల పని వల్లే ఆమెకు ఆ జబ్బు వచ్చిందని నేనడం లేదు. అవునని గాని, కాదని గాని ఇక ఎవరూ తేల్చి చెప్పలేని స్థితిని ఆ కాగితాలు తయారుచేశాయి. ఇలాంటి కాగితాలు వేలకు వేలు పోగయ్యాక, 'ఈ పని వల్ల ఆరోగ్యం చెడుతుందనడానికి ఆధారాల్లేవు' అని యాజమాన్యం అంటుంది. ప్రభుత్వం తలూపుతుంది. ఆధారం లేకపోవడం వేరు, ఆధారాన్ని రాసుకోకపోవడం వేరు. ఈ తేడాను పట్టుకోవడమే మన పరిశోధనకు మొదటి మెట్టు.

గర్భసంచి ఆపరేషన్ల సంగతి మన పాఠకులకు కొత్త కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి ఈ ప్రశ్న అడిగిన 2015–16లో, 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఎక్కువ ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. అంతకు చాలా ముందే మెదక్ జిల్లాలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి అవసరం లేని ఆపరేషన్లను అధ్యయనం చేసి హెచ్చరించారు. మహిళా సంఘాలు గొడవ చేశాయి. ఆ తర్వాత ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. అయినా అప్పు తెచ్చి చేయించుకునే ఆపరేషన్లను ఏ పథకం ఆపుతుంది? 2023 ఏప్రిల్‌లో డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు, కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఈ ఆదేశం వుందన్న సంగతి జిల్లా స్థాయిలో పనిచేసే మనలో ఎందరికి తెలుసు? ఎన్ని చోట్ల అడిగాం?

పని పరిస్థితి స్త్రీని ఆపరేషన్ బల్ల దాకా ఎలా నడిపిస్తుందో తెలుసుకోవాలంటే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాను చూడాలి. అక్కడి నుంచి చెరకు నరకడానికి వలసపోయే స్త్రీలలో 82,309 మందిని 2019లో సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి లేదు. జంటగా కుదుర్చుకుని ముందే బయానా ఇచ్చే పద్ధతిలో ఒక్కరోజు నాగా పెట్టినా జరిమానా కట్టాలి. నెలసరి వస్తే ఆగడానికి వీల్లేదు, చెరకు తోటలో నీళ్ళుండవు, మరుగు వుండదు. అలాంటి చోట గర్భసంచి ఆమెకు శరీరంలో భాగంగా కాక పనికి అడ్డంగా కనిపించింది. దాన్ని కొందరు డాక్టర్లు సొమ్ము చేసుకున్నారు. అక్కడ కూడా కేసు షీటులో కనిపించింది 'అధిక రక్తస్రావం' మాత్రమే, జరిమానా కాదు.

చెరకు మాట వచ్చింది కాబట్టి మన జిల్లాలో ఇంకో చివరన వున్న బోధన్‌ను కూడా గుర్తు చేసుకోవాలి. 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో నిలిచిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఈ ప్రాంతానికంతటికీ తిండిపెట్టింది. 2002లో దాన్ని ప్రైవేటుకు అప్పగించారు. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి తలుపులు మూశారు. ఫ్యాక్టరీ మూతపడితే పత్రికల్లో కార్మికుల బకాయిల గురించి వస్తుంది, రైతుల చెరకు గురించి వస్తుంది. రావలసిందే. ఆ ఇంట్లో ఆడమనిషి పనిగంటలు ఎంత పెరిగాయో, ఏ మందు ఆపేశారో, ఏ ఆడపిల్ల చదువు ఆగిందో ఏ రికార్డులోకీ ఎక్కదు. ఒక మగవాడి జీతం ఆగిపోయినప్పుడు అతని భార్య రక్తపరీక్ష కాగితం మీద ఏ అంకె మారుతుందో వెతకడం మన పరిశోధనాంశం. దాన్ని వైద్యానికి సంబంధం లేని సంగతిగా పక్కనపెట్టే అలవాటు పోవాలి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనలేం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగింది. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు అది ఆసరా. కానీ అది ప్రధానంగా పెద్ద చికిత్సలకు, ఆపరేషన్లకు డబ్బు చెల్లించే ఏర్పాటు. దగ్గుకు, నడుమునొప్పికి, ఆకలి చావడానికి, విశ్రాంతి తీసుకుంటే పోయే కూలికి అందులో చోటు లేదు. తిండి కూడా వైద్యమేనని ఒప్పుకున్న ఉదాహరణ క్షయ విషయంలో వుంది. క్షయ రోగులకు పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. జార్ఖండ్‌లో డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం క్షయ రోగుల ఇళ్ళలోని 10,345 మందితో చేసి 2023లో ప్రచురించిన పరిశోధనలో, అదనపు రేషన్ అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. బియ్యం, పప్పు, నూనె ఇస్తే జబ్బు తగ్గిందని పరిశోధన పద్ధతుల ప్రకారమే రుజువైంది. ఇక కూలి, విశ్రాంతి, గాలి వచ్చే గది ఆరోగ్యాన్ని మారుస్తాయని చెప్పడానికి ఎవరూ సంకోచించనక్కర్లేదు.

చట్టం దృష్టిలో బీడీలు చేసే స్త్రీ ఎప్పుడో గృహిణి కాకుండా పోయింది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళను కూడా కార్మికులుగా గుర్తించింది, వాళ్ళకు ప్రసూతి సౌకర్యాన్ని వర్తింపజేసింది. ఇంటి దగ్గర బీడీలు చేసేవాళ్ళకు ప్రావిడెంట్ ఫండ్ ఎందుకని యాజమాన్యాలు కోర్టుకెక్కితే, 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు వాళ్ళు ఉద్యోగులేనని తీర్పు చెప్పింది. అందుకు చూపిన ఆధారం గమనించండి: బాగాలేని బీడీలను తిరస్కరించే హక్కు యజమానికి వుంది కాబట్టి ఆమె పని మీద అతనికి అదుపు వున్నట్టే. ఏ తీసివేత ఆమె కూలిని కోస్తోందో అదే ఆమె కార్మికురాలనడానికి సాక్ష్యమైంది. దేశంలో నమోదైన దాదాపు 50 లక్షల మంది బీడీ కార్మికుల్లో అత్యధికులు స్త్రీలే. వాళ్ళ కోసం 1976 చట్టాలతో సంక్షేమ నిధి, దాని కింద డిస్పెన్సరీలు వచ్చాయి. ఆ నిధికి ఆధారమైన సెస్సు 2017 జులైలో జి.ఎస్.టి. రాకతో రద్దయింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టి 2019లో 2,016 రూపాయలు చేసింది. దానికి పి.ఎఫ్. ఖాతా వుండాలి. ఒకరి కార్డు మీద ఇంకొకరు బీడీలు చేసే మన ఊళ్ళలో, కాగితం లేని చేతులకు ఇవేవీ అందవు. 1966 చట్టం ఇప్పుడు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. ఆరోగ్యం అన్న మాట కోడ్ పేరులోకి ఎక్కింది. అది బీడీలు చేసే ఇంటి గడప దాకా వస్తుందా అన్నది మనం అడిగి తేల్చుకోవాల్సిన విషయం.

పొగాకు నియంత్రణ గురించి కూడా ఒక మాట. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు ప్యాకెట్ల మీద 85 శాతం మేర ప్రమాద హెచ్చరిక బొమ్మ వుండాలన్న నిబంధన అమలైంది. తాగేవాళ్ళ ఊపిరితిత్తుల కోసం అది అవసరమే. కానీ కట్టిన మనిషి ఊపిరితిత్తుల గురించి ఆ కట్ట మీద ఒక్క వాక్యం లేదు. మన దేశం 2004లో ఆమోదించిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒడంబడికలో 17వ అధికరణం ప్రత్యామ్నాయ ఉపాధి గురించి, 18వది పొగాకు పండించేవాళ్ళ, తయారుచేసేవాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడతాయి. అమల్లో మనకు కనిపించేది బొమ్మ ఒక్కటే. 'ఆరోగ్యం కావాలా, బతుకుదెరువు కావాలా' అన్న ప్రశ్న బీడీలు చేసే స్త్రీల ముందు పెట్టి, వాళ్ళు బతుకుదెరువు అనగానే 'చూశారా, వాళ్ళకే అక్కర్లేదు' అనే పెద్దమనుషులకు కొదవలేదు.

అందుకే కేసు షీటులో 'బీడీ కార్మికురాలు' అని రాయించాలన్నంత మాత్రాన సరిపోదు. చాలామంది స్త్రీలు ఆ సంగతి చెప్పడానికి జంకుతారు. డాక్టరు పని మానేయమంటే ఏం చేయాలి? కంపెనీకి తెలిస్తే కార్డు వుంటుందా? పిల్ల సంబంధానికి అడ్డమొస్తుందా? ఈ భయాలను 'అవగాహన లేమి' అని ప్రాజెక్టు రిపోర్టుల్లో రాసి, పోస్టర్లు, శిక్షణా శిబిరాలతో పరిష్కారం చూపడం మన స్వచ్ఛంద రంగంలో బాగా పాతుకుపోయిన పద్ధతి. వాళ్ళకు అవగాహనకేం కొదవ లేదు. తంబాకు ఒంటికి పడదని ముప్కాల్‌లో మనం చెప్పి తెలుసుకోవాల్సిన స్త్రీ ఎవరూ లేదు. ఆ జ్ఞానంతో ఏం చేయాలో వాళ్ళ చేతుల్లో లేదు, అంతే. ప్రత్యామ్నాయం చూపకుండా ఇచ్చే జ్ఞానం బెదిరింపులాగే వినిపిస్తుంది.

కాబట్టి ఇలాంటి పరిశోధనకు పూనుకునేవాళ్ళు కొన్ని నియమాలు పెట్టుకోవాలి. 'పని చేస్తారా' అని కాకుండా రోజంతటి లెక్క అడగాలి. ఏ జబ్బు అన్నదానితో పాటు, జబ్బు ఖర్చు కోసం ఏది మానుకున్నారో అడగాలి: తిండా, చదువా, మందులా, బంగారమా? ఏ ఆసుపత్రికి పోవాలో, ఆపరేషన్ చేయించాలో వద్దో నిర్ణయించినవారెవరో అడగాలి. చెప్పిన మాటలు కంపెనీకి, టేకేదారుకు చేరకుండా కాపాడాలి. చివరగా, తేలిన విషయాన్ని ఇంగ్లీషు పత్రికల్లో అచ్చువేయించుకునే ముందు ఆ ఊళ్ళోనే, చెప్పినవాళ్ళ ముందే చదివి వినిపించాలి. వాళ్ళు వద్దన్నది తీసేయాలి, మరిచిపోయిందన్నది చేర్చాలి.

అడగాల్సినవి కూడా స్పష్టంగానే వున్నాయి. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల వుంది. వైద్య విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ళ ఆరోగ్యం గమనించాలన్న నియమం ఇప్పుడు చదువులో భాగం. ఆ కుటుంబాల్లో స్త్రీల పనిగంటలు, పని రకం, ఎన్నేళ్ళుగా చేస్తున్నారన్నది తప్పనిసరిగా రాయించమని కళాశాలను కోరాలి. ప్రభుత్వ ఆసుపత్రుల కాగితాల్లో 'గృహిణి' అని రాసే ముందు 'ఇంట్లో కూర్చుని ఏ పని చేస్తావు' అన్న ఒక్క ప్రశ్న అడగాలని జిల్లా వైద్యాధికారులకు వినతిపత్రాలివ్వాలి. ఆశా కార్యకర్తల రిజిస్టరులోనూ అది వుండాలి. నలభై ఏళ్ళలోపు స్త్రీలకు గర్భసంచి తీసిన ప్రతి సందర్భాన్నీ సమీక్షించే ఏర్పాటు జిల్లాలో వుందో లేదో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. సొంత కార్డు లేకుండా బీడీలు చేసేవాళ్ళ జాబితా గ్రామ సంఘాలే తయారుచేసి కార్మిక శాఖకు అందజేయాలి. ఊరికొక గాలి, వెలుతురు వున్న షెడ్డు, తంబాకు ఇంట్లో నిల్వ పెట్టకుండా కంపెనీ ఖర్చుతో గోదాం కావాలని అడగడం అత్యాశేమీ కాదు.

ఈ పనులన్నిటికీ నిధులు, ప్రాజెక్టులు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు. మీ మీ ప్రాంతాల్లో బీడీలే కావాలని లేదు. చుడిదార్లు కుట్టేవాళ్ళు, అప్పడాలు చేసేవాళ్ళు, పసుపు కొమ్ములు ఏరేవాళ్ళు, జీడిపప్పు వొలిచేవాళ్ళు ఎవరైనా సరే, పదిమంది స్త్రీలు దాచుకున్న ఆసుపత్రి కాగితాలు వాళ్ళ అనుమతితో చూడండి. 'వృత్తి' గడిలో ఏముందో ఒకవైపు, వాళ్ళు నిజంగా చేసే పని ఇంకోవైపు రాయండి. పేర్లు రాయకండి. మార్చి సంచికలోపు మాకు పంపితే, ఆ పట్టికలను పక్కపక్కన పెట్టి అచ్చువేస్తాం. వినతిపత్రానికి జతచేయడానికి అంతకన్నా మంచి కాగితం మన దగ్గర వుండదు.